తొలి కృతికి అధికారి యెవరు? : 'స్పీక్ అండ్ స్పెల్' గీతసంపుటి

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగింటిని నిరూపించుట మన పూర్వుల సంప్రదాయము. మొదటి మూడింటిని గుఱించి నేటి విమర్శకులు ఏదో యొక పేరుతో మాటలాడుచునే యున్నారు. నాల్గవదానిని మాత్రము మఱచినారు. సహృదయుడు అను నొక్క మాటతో ఆ ప్రశ్నను దాటవేయుట పరిపాటియైనది. కాని సహృదయులందఱు ఒక్క తీరువారు కారు. పోతన భాగవతమునకు కరగిపోవు హృదయము కలవాడు వసుచరిత్రము కడ విసుగు చెందవచ్చును. అంతమాత్రమున అతని హృదయమునకు గాని వసుచరిత్రమునకు గాని లోపమంటగట్టుట న్యాయము కాదు. ఈ కృతి యెవరికి, ఎట్టి సంస్కారము కలవానికి, అని ముందుగ తేల్చుకొనక చేయు విమర్శ పలుమాఱు ఒకరి కొఱకు వండిన వంటను వేఱొకరి నోట పెట్టి రుచి యడుగుటయే యగుచున్నది.

మేమిచ్చట పరిశీలింప దలచిన కృతి 1981 అక్టోబరులో ఇంగ్లండున వెలువడిన 'స్పీక్ అండ్ స్పెల్' అను ఆల్బము. డిపెష్ మోడ్ అను బృందమునకు ఇది తొలి సంపుటి. సింథసైజరు అను విద్యుద్వాద్యమునే ప్రధానముగ గొని పాడు పాప్ గీతరీతికి సింథ్-పాప్ అని పేరు. ఆ రీతి కుదురుకొనుచున్న దినములలో వచ్చిన కృతులలో ఇది యొకటి. శాసనభాషను, ప్రబంధములను చర్చించు పత్రికలో ఆంగ్ల యువకుల నృత్యగీతములకు తావేమని మా మిత్రులొకరు ఆక్షేపించిరి. ఆ గీతములు మనవి కాకపోవచ్చును. ఒక తొలి కృతిని ఎట్లు చదువవలెనన్న ప్రశ్న మాత్రము మనదే. పైగా ఈ సంపుటి విషయమున జరిగిన పొరపాటు మన సాహిత్యచరిత్రలోను మాటిమాటికి జరుగుచున్నదే.

మొదట దాని పుట్టుపూర్వోత్తరములు. లండనునకు తూర్పున ఎసెక్స్ మండలములో బాసిల్డన్ అను పట్టణము కలదు. అది ప్రాచీన నగరము కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము 1946లో చేసిన నూతనపట్టణముల చట్టము ననుసరించి, 1949లో నిర్ణయింపబడి, కిక్కిరిసిన లండను జనమునకు ఇండ్లు చూపుటకై కట్టబడినది. ఆ యూర పెరిగిన విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండ్రూ ఫ్లెచర్ అను మువ్వురు మొదట వేఱొక పేరుతో పాడుచుండి, 1980లో డేవిడ్ గహన్ అను గాయకుడు వచ్చి చేరిన పిమ్మట, ఒక ఫ్రెంచి వేషధారణ పత్రిక పేరును తమ పేరుగ గ్రహించిరి. గోర్ బ్యాంకులోను, ఫ్లెచర్ బీమా కార్యాలయములోను పనిచేయుచుండినవారు. సంపుటి వెలువడునాటికి జ్యేష్ఠుడైన క్లార్కునకు 21 ఏండ్లు. కనిష్ఠుడైన గహన్‌కు 19.

వీరిని చేరదీసినవాడు డేనియల్ మిల్లర్. ఈతడు 1978లో 'ది నార్మల్' అను మాఱుపేరుతో తానొక్కడే యొక రికార్డును చేసి, దానిని వెలువరించుటకై మ్యూట్ అను చిన్న సంస్థను నెలకొల్పిన వాడు. వ్రాతమూలకమైన ఒప్పందమేదియు లేక, చేతిలో చేయి వేసి యాడిన మాటపైననే బృందమునకును సంస్థకును పొత్తు కుదిరినది. దక్షిణ లండనులో, ఒకప్పుడు చర్చిగా నుండి ఆరాధనలు నిలిచిపోయిన భవనమున నెలకొన్న బ్లాక్‌వింగ్ స్టూడియోలో గీతములు ముద్రింపబడినవి. మిల్లరే వానికి నిర్మాత. ఆ యేట ఫిబ్రవరిలో వచ్చిన 'డ్రీమింగ్ ఆఫ్ మీ' అను తొలి పాట ఆంగ్లదేశపు విక్రయపట్టికలో 57వ స్థానమును, జూనులో వచ్చిన 'న్యూ లైఫ్' 11వ స్థానమును, సెప్టెంబరులో వచ్చిన 'జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్' 8వ స్థానమును పొందగా, సంపుటి 10వ స్థానమునకు ఎక్కినది.

పాఠభేదమును గూడ చెప్పవలసియున్నది. ఇంగ్లండు ప్రతిలో పదునొకండు గీతములు కలవు. అమెరికా ప్రతిలో 'ఐ సమ్‌టైమ్స్ విష్ ఐ వజ్ డెడ్' అను గీతము తొలగినది. 'డ్రీమింగ్ ఆఫ్ మీ' చేరినది. గీతముల వరుస మాఱినది. 'జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్' పెంచి కూర్చిన రూపమున ఉన్నది. తరువాతి ముద్రణములలో మఱికొన్ని చేర్పులు కలవు. మేము ఇంగ్లండు ప్రతినే ప్రమాణముగ గొంటిమి. రచయితలు కూర్చిన వరుసలో చివరి రెండు గీతముల పొందిక యీ సంపుటికి ప్రాణమని మా యభిప్రాయము. దానిని ముందు చూపుదుము.

ఇక అసలు వివాదము. డిపెష్ మోడ్ బృందము తరువాతి కాలమున ప్రపంచప్రసిద్ధమైనది. 1987 నాటి 'మ్యూజిక్ ఫర్ ది మాసెస్', 1990 నాటి 'వయొలేటర్' అను సంపుటములు దానికి గంభీరమైన కీర్తిని తెచ్చినవి. పాపము, విశ్వాసము, కామము, పశ్చాత్తాపము ఆ పాటలలోని వస్తువులు. వాని నాదము బరువైనది, నల్లనిది. ఆ కీర్తిని ఎఱిగి వెనుకకు నడచి వచ్చు శ్రోత తొలి సంపుటిని విని నవ్వును. ఇది పిల్లలాట వలె నున్నదనును. ఇంకను గొంతు పండలేదనును. పలువురి వ్రాతలలో ఈ సంపుటికి దొరకిన స్థానము ఇంతియే: గొప్పవారి బాల్యచేష్ట.

ఈ తీర్పులో కర్తృత్వదోషము కలదని మేము చెప్పుచున్నాము. పదునొకండు గీతములలో తొమ్మిదింటిని రచించినవాడు విన్స్ క్లార్క్. సంపుటి వెలువడిన కొలది వారములకే అతడు బృందమును వీడెను. ప్రచారము, యాత్రలు, పత్రికలవారి ప్రశ్నలు అతనికి గిట్టలేదు. ఆ పిమ్మట 1982లో వచ్చిన రెండవ సంపుటి మొదలుకొని ప్రధానరచయిత మార్టిన్ గోర్. కావున నొకే పేరు క్రింద నున్నను తొలి సంపుటి యొక రచయితది, తరువాతివి వేఱొకనివి. ఆంధ్రమహాభారతమునకు పేరొక్కటే, కాని ఆదిసభాపర్వములను విరాటోద్యోగపర్వములతో కొలిచి, సంభాషణములలో తిక్కన చూపిన నాటకీయత లేదు గనుక నన్నయ అపక్వుడని చెప్పినవాడు నవ్వులపాలగును. నన్నయ గుణములు వేఱు. అక్షరరమ్యత వేఱు దారి. విన్స్ క్లార్క్ నన్నయతో సమానుడని మా భావము కాదు. కొలతబద్ద విషయమున జరిగిన పొరపాటు మాత్రము రెండు చోటుల నొక్కటే. క్లార్క్ సంపుటిని క్లార్క్ తరువాత చేసినవానితో కొలువవలెను: 1982లో ఆలిసన్ మోయె అను గాయనితో గూడి 'యాజూ' పేర అదే బ్లాక్‌వింగ్ స్టూడియోలో ముద్రించిన గీతములతోను, 1985 మొదలుకొని ఆండీ బెల్ గాయకుడుగా నడచిన 'ఇరేజర్' గీతములతోను. అట్లు చూచినచో తొలి సంపుటి ఒక మార్గమునకు స్పష్టమైన ఆరంభముగ కనబడును.

ఆ మార్గ మెట్టిదో తెలియుటకు వాద్యమును కొంత ఎఱుగవలెను. సింథసైజరులో ఒక భాగము విద్యుత్తును నియతవేగమున కంపింపజేసి, పెక్కు అనుస్వరములతో గూడిన ముతకధ్వనిని పుట్టించును. రెండవ భాగము, ఫిల్టరు, ఆ యనుస్వరములలో కొన్నింటిని వడగట్టును. మూడవది ధ్వని యెంత చురుకుగ లేచి, ఎంతసేపు నిలిచి, ఎట్లు అణగవలెనో నిర్ణయించును. చేర్చుట కంటె తీసివేయుట యందే యీ వాద్యముయొక్క రహస్యమున్నది. ఆ యువకులు కొనగల్గిన చిన్న వాద్యములు, కవాయి, యమహా, మూగ్ సంస్థలు చేసినవి, ఏకస్వరవాద్యములు. అనగా ఎన్ని మెట్లు నొక్కినను ఒక కాలమున ఒక్క స్వరమే పలుకును. పియానోపై, గిటారుపై పలువ్రేళ్లతో ఒక్కుమ్మడిగ పట్టు స్వరసంఘాతము వీనిపై సాధ్యము కాదు. మిల్లర్ తనకున్న ఆర్ప్ 2600 అను పెద్ద యంత్రమును, దానితో గూడిన సీక్వెన్సరును స్టూడియోకు తెచ్చెను. సీక్వెన్సరు అనునది ముందుగ నిర్ణయించిన స్వరముల వరుసను అలసట లేక తిరుగవేయు యంత్రము. అది పలికించునదియు ఒకసారి కొక్క స్వరమే.

ఈ పేదఱికమే యీ సంపుటి శిల్పమునకు మూలము. స్వరసంఘాతములు ప్రధానసాధనము కానిచోట శ్రావ్యత యెట్లు పుట్టవలెను? ఒక్కొక్క స్వరపంక్తిని విడివిడిగ టేపుపై ముద్రించి, ఒకదాని ప్రక్క నొకటి నడపవలెను. క్రింది పంక్తి మంద్రస్థాయిలో పరుగెత్తును. నడిమి పంక్తి దాని సందులలో స్వరములను నింపును. పై పంక్తి పల్లవిని పలుకును. మూడు పంక్తులు ఒక క్షణమున కలిసినపుడు చెవికి సంఘాతమువలె తోచును గాని, ఏ వాద్యమును దానిని వాయించి యుండదు. రాక్ సంగీతములో గిటారు గోడ కట్టును. ఇచ్చట గోడ లేదు, చాపయల్లిక యున్నది. పోగుపోగును వేలితో చూపి లెక్కపెట్టవచ్చును. 'న్యూ లైఫ్' అను మొదటి గీతమునే చూడుడు. నడుమ నొకచోట వాద్యముల రద్దీ తగ్గి, కంఠములు మాటలు విడిచి ఒకదానిపై నొకటి ఎక్కును. కంఠములను గూడ ఆ యువకులు ఏకస్వరవాద్యములుగనే కూర్చినట్లు అచ్చట తేటపడును. పాట మొత్తమునకు కీలకము అదియే యని మేము తలచుచున్నాము.

భారతీయశ్రోతకు ఇచ్చట ఒక సౌలభ్యము, ఒక కష్టము కలవు. మన సంగీతము స్వరపంక్తిని నమ్ముకొన్నది గనుక, సంఘాతముల నడకను పట్టలేక పాశ్చాత్యసంగీతమున దారి తప్పు మన చెవికి ఈ గీతములలో పట్టుకొమ్మ దొరకును. ఏ పంక్తినైన ఒకదానిని పట్టుకొని చివర వఱకు నడవవచ్చును. కష్టము గమకముది. ఈ స్వరములు మెట్టు మెట్టుగ నిలుచును, ఊగవు. ఈ కారణముననే గదా 1940లో ఆకాశవాణి హార్మోనియమును బహిష్కరించి 1971 వఱకు పూర్ణముగ దూరముంచినది! యంత్రవాద్యముపై ఇట్టి శంక మనకే పరిమితము కాదు. 1982లో లండనులోని సంగీతకారుల సంఘశాఖ యొకటి సింథసైజర్లను నిషేధింప జూచినది. అచ్చటి శంక గమకమును గుఱించి కాదు, కూటిని గుఱించి. ఆ 1982లోనే బొంబాయి చలనచిత్రవాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఇట్టి యంత్రములపైననే పది రాగములను డిస్కో తాళమునకు కూర్చి రికార్డు చేసెను. అందులోని యొక యంత్రమునకు స్వరమునుండి స్వరమునకు జాఱు శక్తి కలదు. దానితో రాగచ్ఛాయను పట్టుటకు అతడు చేసిన ప్రయత్నము వినదగినది. క్లార్క్ గీతములలో ఆ జాఱుడు గూడ అరుదే. గమకమే సంగీతమను శ్రోత యీ సంపుటికి అధికారి కాడు. జతిస్వరమును, తిల్లానాను వినునపుడు లెక్క తప్పక తల యూచువాడు అధికారి కావచ్చును.

ఇంకొక విశేషము గలదు. ఇది మేము చదివిన వ్రాతలలో తగినంతగ చర్చింపబడలేదు. ఈ సంపుటికి ముందు వచ్చిన సింథసైజరు గీతములలో యంత్రము వాద్యము మాత్రమే కాదు, వస్తువు కూడ. జర్మనీ దేశపు క్రాఫ్ట్‌వెర్క్ బృందము 1978లో తన సంపుటికి మనుష్యయంత్రమను నర్థమిచ్చు పేరు పెట్టినది. 1979లో గారీ న్యూమన్ తన బృందముతో పాడి ప్రథమస్థానము నందిన గీతము విద్యున్మిత్రులను గుఱించినది. ఆ యేటనే వచ్చిన హ్యూమన్ లీగ్ బృందపు తొలి సంపుటి దిగులుతో నిండినది. మిల్లర్ స్వయముగ చేసిన 1978 నాటి రికార్డునకు జే. జీ. బాలర్డ్ వ్రాసిన, కారు ప్రమాదములను వస్తువుగ గొన్న నవల ప్రేరకము. ఇవి యన్నియు యంత్రమును చూచి బెదరిన, లేదా బెదరినట్లు నటించిన కృతులు. బాసిల్డన్ యువకులకు ఆ బెదరు లేదు. తలుపు తీసి లోపలికి పోయి పెట్టెను బల్లపై పెట్టి వాయించిరి, అంతే. హార్మోనియము వాయించు పల్లెటూరి భజనకాడు తోలుతిత్తులను గుఱించి పాట కట్టడు గదా! యంత్రము వస్తుస్థానమునుండి దిగి సాధనస్థానమునకు వచ్చినది ఇచ్చట. తరువాత సింథసైజరు లేని పాప్ గీతమే అరుదైన కాలము వచ్చినది గనుక ఈ మార్పు మనకు గోచరింపదు. ఆనాటి కది సామాన్యమైన అడుగు కాదు.

'ఫొటోగ్రాఫిక్' అను గీతము మాత్రము దీనికి అపవాదము. చీకటి గదులు, ఛాయాచిత్రములు, చూచువాని చల్లనికన్ను అందలి సామగ్రి. వేగముగ తిరుగు క్రింది పంక్తిపై గహన్ కంఠము ఒక్క తీరున నిలుచును. వెనుకటివారి బెదరు ఇందులో కొంత మిగిలియున్నది; తరువాతి డిపెష్ మోడ్ నాదము కొంత ముందే వినవచ్చుచున్నది. తొలి సంపుటిని నిరసించువారు గూడ దీనిని మినహాయించుట సహజమే. వారికి నచ్చినది వారి కొలతకు సరిపోయినది గనుక నచ్చినది.

ఇక సాహిత్యము. ఇచ్చట మేము ప్రతిపక్షమునకు చాలవఱకు లొంగిపోవలసినదే. క్లార్క్ పదములకు అర్థపుష్టి లేదు. వాక్యము మొదలగును, ముగియదు. బొమ్మ కనబడును, కలియదు. 'ఐ సమ్‌టైమ్స్ విష్ ఐ వజ్ డెడ్' శీర్షికలోని మృత్యువాంఛ గీతములో ఎచ్చటను కానరాదు. రెండు నిమిషములకు కొంచెము మించిన చలాకీ నృత్యగీతమది. 'బాయ్స్ సే గో' కేక తప్ప మఱేమియు కాదు. 'వాట్స్ యువర్ నేమ్' అను గీతము శబ్దమునందును పలుచనిదే. దానిని సమర్థింప మాకు నోరాడదు. ఆలంకారికుల లెక్కలో ఇవి చిత్రకావ్యమునకు చేరును; వ్యంగ్యము లేని ఆ రకమునకు మమ్మటుడు కట్టడపటి మెట్టును కేటాయించెను.

అయినను ఆ మెట్టు కావ్యమునకు. గేయమునకు సాహిత్యమెంత కావలెనన్నది వేఱు ప్రశ్న. ఈ సంపుటి పేరునే గమనింపుడు. 'స్పీక్ అండ్ స్పెల్' అనునది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1978లో వెలువరించిన యొక ఆటవస్తువు. చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు మనుష్యకంఠమును కల్పించి మాట పలుకును. పిల్లవాడు దాని వర్ణక్రమమును మెట్లు నొక్కి చూపవలెను. అక్షరములను ధ్వనులుగ ముందు నేర్చి, అర్థమును తరువాత తెలిసికొను దశకు చెందిన వస్తువది. ఆ పేరు పెట్టినవారు తమ పదములతో ఏమి చేయుచున్నారో ఎఱుగని మూఢులని తలచుట కష్టము. క్లార్క్ మాటలను అచ్చుల పొడవు చూచి, హల్లుల తాకిడి చూచి ఏరినట్లు తోచును. అవి గాయకుని నోట తాళమునకు సరిగ తగులును, తగిలి తొలగిపోవును. వసుచరిత్రములోని కొన్ని పద్యములు అర్థము విప్పకమునుపే చెవిని పట్టుననుట మనమెఱిగినదే. అచ్చట విప్పిన తరువాత అర్థము దొరకును, ఇచ్చట దొరకదు. ఆ భేదమును దాచము. అర్థము వెదకు శ్రోత యీ సంపుటినుండి వట్టిచేతులతో పోవును. అతనికి ముందే చెప్పి పంపుట మర్యాద.

గోర్ రచించిన రెండింటిలో 'బిగ్ మఫ్' మాటలు లేని వాద్యగీతము. చిన్నది, ఉల్లాసకరము, మఱునాటికి గుర్తుండనిది. 'టోరా టోరా టోరా' 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై దాడి చేసిన జపానువారి సంకేతపదమును పేరుగ గొన్నది. ఈ రెండవదానిలో మనస్సు కొంత క్రుంగును. తరువాతి గోర్ ఇచ్చట కన్ను తెఱచినాడని చెప్పవచ్చును గాని, అతనిని గుఱించిన చర్చకు ఇది చోటు కాదు.

చివరి రెండు గీతములకు వత్తుము. పదవది 'ఎనీ సెకండ్ నౌ'. పాడినవాడు గహన్ కాదు, గోర్. సంపుటి మొత్తము మీద నెమ్మదిగ నడచు గీతమిది. పరుగెత్తించు తాళయంత్రము ఇందులో వెనుకకు తగ్గినది. స్వరములు ఒక్కొక్కటిగ, నీటి బొట్లు వలె, ఎడమెడముగ పడును. వాని నడుమ ఎంత ఖాళీ యున్నదో తొలిసారి వినవచ్చును. అంతవఱకు తాళపు వేగముచేత కప్పబడియున్న శిల్పము ఇచ్చట బట్టబయలగును: ఒక పంక్తి, దాని ప్రక్క నింకొక పంక్తి, మెత్తని కంఠము. ఈ గీతపు పల్చదనమును చూచియే మేము మిగిలిన గీతములను మరల వినుటకు పూనుకొంటిమి. దీని వెంటనే పదునొకండవది, 'జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్'. ఇందులో మొదటనే చెవిని పట్టు స్వరపంక్తిని ఏ పిల్లవాడైనను ఒక వ్రేలితో వాయింపవచ్చును. దాని చుట్టు ఇతరపంక్తులు వచ్చి చేరుచు పోవుచు నుండ, పల్లవి పెక్కుమాఱులు తిరిగివచ్చును. నిశ్శబ్దము ప్రక్కన సంబరమును నిలిపి ముగించిన ఈ వరుసను చెడగొట్టిన అమెరికా ప్రతిని మేమెందులకు ప్రమాణముగ గొనలేదో పాఠకులు గ్రహింతురు. సంవత్సరములు గడచిన పిమ్మట గ్లాస్గో నగరపు సెల్టిక్, ఇంగ్లండులోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్ల అభిమానులు ఈ పల్లవిని మైదానములలో సామూహికముగ పాడిరి. ఏ వాద్యమును లేక వేలమంది ఒక్క గొంతుతో పాడినను పాట చెడలేదు. యంత్రములను తీసివేసినను నిలుచు స్వరపంక్తి అందులో నున్నదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమక్కఱలేదు.

కావున అధికారి యెవరు? 'వయొలేటర్' విని తరువాతి బృందమునకు భక్తులైనవారు కారు. వారు వత్తురేని భక్తిని గుమ్మము కడ విడిచి రావలెను. పాటలో కవిత్వమును కోరువారు కారు. కంఠమున ఆర్ద్రతను కోరువారును కారు. గహన్ ఇంకను తన కంఠమును కనుగొనలేదు, ఈ గీతములలో అతడు ఇంచుమించు పంక్తులలో నొక పంక్తి మాత్రమే. అధికారులలో మొదటివారు నృత్యము చేయువారు. వారికొఱకే యిది పుట్టినది, వారికి మా వ్యాసముతో పని లేదు. రెండవవారు పిల్లలు. ఇది పరిహాసముగ చెప్పుట లేదు. స్వరమును స్వరముగ, రంగును రంగుగ గ్రహింపగల వయస్సు అది. ఆటవస్తువు పేరు పెట్టుకొన్న సంపుటిని పిల్లలకు వినిపింపక పెద్దలు తమలో తాము వాదించుకొనుట వింతయే. మూడవవారు సంగీతరచన నేర్చుకొనువారు. గొప్ప కృతులు తమ కుట్టుపనిని దాచుకొనును, ఇది దాచుకొనదు. ఏ పంక్తి యెప్పుడు వచ్చినదో, ఏది తొలగినందున ఏ ఖాళీ యేర్పడినదో, కాగితముపై వ్రాసికొనుచు వినవచ్చును. బాఖ్ రచించిన రెండు పంక్తుల చిన్న రచనలను పియానో విద్యార్థులకు ఎందులకు నేర్పుదురో, ఇంచుమించు అందులకే దీనిని గూడ నేర్పవచ్చును.

నాలుగవవాడు మాబోటివాడు: వయస్సు మళ్ళినవాడు, నృత్యమెఱుగనివాడు, పద్యమునకు అలవాటుపడిన చెవి కలవాడు. అట్టివానికి మా సూచన యొక్కటి. మొదటి గీతముతో మొదలుపెట్టవలదు. పదవదానితో మొదలుపెట్టి, రాత్రివేళ, తక్కువ ధ్వనితో రెండుమాఱులు వినవలెను. తరువాత 'ఫొటోగ్రాఫిక్' వినవలెను. పిమ్మట 'న్యూ లైఫ్' కడకు పోయినచో ఆ యుత్సాహము చెవికి బరువు కాదు. 'వాట్స్ యువర్ నేమ్' వచ్చినపుడు లేచి మంచినీరు త్రాగి రావచ్చును.

ముఖచిత్రమును గుఱించి ఒక మాట మిగిలినది. బ్రయన్ గ్రిఫిన్ తీసిన ఆ చిత్రములో పారదర్శకమైన ప్లాస్టిక్ పొరలో చుట్టబడిన హంస కలదు. చూచినవారిలో కొందఱు దానిని అర్థములేని వింతగ త్రోసివేసిరి. హంసను నాదమునకును వివేకమునకును చిహ్నముగ చూచుట కలవాటుపడిన మనకు అది వేఱు విధముగ తోచుట సహజమే. గ్రిఫిన్‌కు అట్టి యుద్దేశము ఉండెనని మేము చెప్పబోము. పక్షి సుందరము, పొర చౌకబాఱు సరకు, రెండును ఒకదానిని విడిచి యొకటి కనబడవు. లోపలి గీతములకు అది తగని యట్ట కాదు.

బృందమును వీడిన తరువాత క్లార్క్, గోర్ ముప్పది యేండ్లకు పైగా వేఱువేఱు దారుల నడచిరి. 2012లో తమ పేర్లలోని తొలియక్షరములను కలిపి, వీసీఎంజీ అను పేరుతో ఇద్దఱును గూడి ఒక సంపుటిని వెలువరించిరి. అది పూర్తిగ వాద్యసంగీతము. అందులో మాటలు లేవు.